ఇంట్లోనే ఉండే అమ్మకి ఆయా ఎందుకు?

ఉద్యోగం చేసే ఆడవాళ్లు బిడ్డని చూసుకోవడానికి మనిషిని పెట్టుకుంటే ఊరు ఒక మాట అంటుంది, తర్వాత ఊరుకుంటుంది. "పాపం, డ్యూటీకి పోవాల కదా" అని సర్దిచెప్పేవాళ్లు కూడా ఉంటారు. ఇంట్లోనే ఉండే ఆడది పెట్టుకుంటే మాత్రం అట్లా సర్దిచెప్పేవాళ్లు దొరకరు. "నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా, ఇంక ఆయా ఎందుకు?" అని కిందటేడు నన్ను ఎంతమంది అడిగారో లెక్కపెట్టలేదు. పాలు పోసే ఆమె అడిగింది. ధర్మవరం నుంచి మా అమ్మ ఫోన్లో అడిగింది. టీకా వేయించడానికి పోతే అక్కడ వరసలో నిలబడ్డ ముక్కూమొహం తెలియని ఆమె అడిగింది. అందరికంటే ఎక్కువసార్లు నన్ను నేనే అడుక్కున్నాను.

మాది రొద్దం. మా ఆయన పెనుకొండ వైపు ఒక కంపెనీలో షిఫ్టుల్లో పనిచేస్తారు. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్లు తయారవడం మొదలయ్యాక మా చుట్టుపక్కల చాలా ఇళ్లలో గడియారమే మారిపోయింది. ఒక వారం పగలు డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషి పగలంతా తలుపేసుకుని పడుకుంటే, ఇంట్లో బిడ్డ ఏడవకుండా చూసుకోవడమే ఒక ఉద్యోగం. మామయ్యకి రెండెకరాల మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు. పురుగు పెద్ద జ్వరం దాటి ఆకు మేసేటప్పుడు ఆయన అన్నానికి కూడా ఇంటికి రాలేరు.

ఇదంతా అత్తమ్మ నడుస్తున్నంత కాలం ఎట్లాగో జరిగిపోయింది. బుడ్డోడికి నాలుగో నెల నిండిన వారానికి ఆవిడ బాత్రూంలో జారిపడ్డారు. తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, మూడు నెలలు మంచం అన్నారు. ఆ మూడు నెలలు ఆరు నెలలయ్యాయి.

"మనిషిని పెట్టుకునేది వంటకో గిన్నెలకో పెట్టుకో, బిడ్డని మాత్రం నువ్వే చూసుకో" అని అందరూ చెప్పారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ మా ఇంట్లో చేతికందని పని వంటా కాదు, గిన్నెలూ కాదు. అత్తమ్మని పక్కకి తిప్పాలి, బెడ్‌పాన్ పెట్టాలి, ఒళ్లు తుడవాలి, చీర మార్చాలి. ఆ పనులు బయటి మనిషి చేత చేయించుకోవడానికి ఆవిడ ఒప్పుకోలేదు. "నువ్వైతే నా కోడలివి పాపా, ఇంకొకరు నన్నట్లా చూడకూడదు" అన్నారు. ఆ మాట కాదనడానికి నాకు నోరు రాలేదు. పెద్దావిడకి అవసరమైన వేళ, బిడ్డకి అవసరమైన వేళ ఎప్పుడూ ఒకటే అయ్యేది. బెడ్‌పాన్ పట్టుకుని ఉన్నప్పుడే వాడు లేచేవాడు. అట్లా చూస్తే మా ఇంట్లో ఇంకొకరి చేతికి ఇవ్వగలిగింది బిడ్డనే.

చిత్రం ఏమిటంటే, ఆ మాట మొదట అన్నది కూడా అత్తమ్మే. పట్టుపురుగులు పెంచే ఇంటి మనిషి కాబట్టి ఆవిడ లెక్క ఆవిడకి ఉంది. గుడ్డు నుంచి పొదిగిన పురుగుల్ని రైతులు చాలామంది ఇంట్లో పెంచరు. రెండో జ్వరం అయ్యేదాకా చాకీ కేంద్రంలో లేత ఆకు సన్నగా తరిగి వేసి పెంచుతారు. ఆ తర్వాతే మనం డబ్బు కట్టి తెచ్చుకుని, గూడు కట్టేదాకా చూసుకుంటాం. "ఆ పసి పురుగుల్ని మనం సాకలేకనా చాకీ వాళ్లకి ఇడిసేది? వాళ్లకి చెయ్యి తిరిగింది, మనకి వేరే పనుంది. దానికి లేని నామోషీ దీనికెందుకు?" అన్నారు. పడుకున్న మంచం మీంచే ఆ మాట అని అటు తిరిగి కళ్లు మూసుకున్నారు. నేను నవ్వాను, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మనిషిని వెతకడం అంత సులువు కాలేదు. మా వైపు పనిచేయగలిగిన వయసులో ఉన్న ఆడవాళ్లు చాలామంది పొద్దున్నే బస్సెక్కి హిందూపురం వైపు గార్మెంట్స్‌కి పోతారు. మిగిలినవాళ్లకి వేరుశనగ పనో, మల్బరీ ఆకు కోతో ఉంటుంది. వెతుకుతున్నామని తెలిసి చుట్టాలు అడిగిన మొదటి ప్రశ్న, ఆమెకి బిడ్డల్ని పట్టుకోవడం తెలుసా అని కాదు, "వాళ్లు ఏమిటోళ్లు?" అని. బిడ్డని ఒళ్లో వేసుకునే మనిషికి వేరే గ్లాసు పెట్టడం ఎట్లా కుదురుతుందో నాకు అర్థం కాదు. వాడు ఆమె వేలు నోట్లో పెట్టుకుంటాడు, ఆమె కొంగు చప్పరిస్తాడు. ఆమె మన గ్లాసులో నీళ్లు తాగకూడదంటే ఎట్లా? మామయ్య ఈ విషయంలో మాట పెరగనివ్వలేదు. "మన గిన్నెలే, మన గ్లాసులే" అని తేల్చేశారు.

చివరికి పక్క ఊరి నుంచి ఒక అక్క దొరికింది. ముప్పై అయిదేళ్లు ఉంటాయి. పేరు రాయను, ఆమెకి ఇష్టం ఉండదు. ఆరేళ్లు గార్మెంట్స్‌లో కుట్టి, నడుము నొప్పి పట్టుకుని మానేసింది. అంతకుముందు ఆమె పనిచేసిన రెండిళ్లలో అడిగాము. పొద్దున తొమ్మిది నుంచి మూడు దాకా, నెలకి 7,000, నెలకి నాలుగు ఆదివారాలు సెలవు.

అన్నట్టు, డబ్బిచ్చి బిడ్డని ఒకరి చేతికి ఇవ్వడం మన ఊళ్లకి ఏమంత కొత్త కాదు. మా అమ్మమ్మల కాలంలో పురుడు పోసింది మంత్రసాని. ఇవ్వాళ్టికీ బాలింత ఇంటికి నీళ్లు పోసే అవ్వ వస్తుంది. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, వాటి మీద బిడ్డని పడుకోబెట్టుకుని, నలుగు పెట్టి, లాలపోసి, సాంబ్రాణి పొగ వేసి, తన చీరా డబ్బులూ తీసుకుని పోతుంది. ఆమెని చూసి తల్లి ప్రేమ తక్కువైందని ఎవరూ అనలేదు. మా అమ్మ మమ్మల్ని ముగ్గురినీ మగ్గం పక్కనే పెంచింది. ఉయ్యాల తాడు ఆమె చేతికి అందేలా కట్టేవాళ్లట. "నేను ముగ్గురిని పెంచలేదా?" అని అమ్మ అన్నప్పుడు, "ఆ ఉయ్యాల ఊపింది నువ్వొక్కదానివేనా?" అని అడిగాను. వీధిలో ఎవరెవరు మమ్మల్ని ఎత్తుకున్నారో, ఎవరింట్లో మేము అన్నం తిన్నామో పేర్లు వరసగా చెప్పింది. చెబుతూ చెబుతూ తనే ఆగిపోయింది.

మొదటి పది రోజులు మేమిద్దరం కలిసే బిడ్డని చూసుకున్నాం. కొత్తగా మనిషిని పెట్టుకుంటున్నవాళ్లకి పనికొస్తుందని మేము మాట్లాడుకున్నవి రాస్తున్నాను. ఇంట్లోకి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఏ మందైనా, గ్రైప్ వాటర్ అయినా సరే, నన్ను అడగకుండా వేయకూడదు. ఏడాది నిండేదాకా తేనె నాకించకూడదు, అందులో పసివాళ్లకి ప్రమాదమైన క్రిములు ఉండొచ్చు. ముక్కులో, చెవిలో నూనె పోయకూడదు. పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టాలి. మంచం మీద ఒంటరిగా వదిలి లేవకూడదు, వేడినీళ్ల బకెట్ వాడికి అందేంత దూరంలో ఉండకూడదు. వాడు ఎత్తులో ఉండగా ఫోన్ చూడకూడదు. ఈ చివరిది నాకూ మా ఆయనకీ కూడా వర్తిస్తుందని ఆ అక్కే అంది. ఒప్పుకున్నాం.

ఇంకొకటి మామయ్య పెట్టిన షరతు. ఆమెకి జలుబో జ్వరమో వస్తే రాకూడదు, ఆ రోజు డబ్బు కోయకూడదు. మొదట ఇది దయతో పెట్టింది అనుకున్నాను. ఆలోచిస్తే లెక్క వేరే. రోజు కూలి పోతుందంటే దగ్గు దాచుకుని వస్తారు. ఆ దగ్గు చివరికి మన బిడ్డకే. అంటే ఆమె సెలవు మన బిడ్డకి రక్ష.

బెంగళూరులో ఉండే మా మరిది కెమెరా పెట్టమన్నాడు. ఉద్యోగానికి పోయేవాళ్లకి అది అవసరమే కావచ్చు, వద్దనను. నేను పక్క గదిలోనే ఉంటాను కదా. కెమెరా ఉంటే అందులో నేను చూసేది బిడ్డని కాదు, ఆమెని. ఇరవైనాలుగు గంటలూ ఒక మనిషిని అనుమానంగా చూస్తూ, ఆ మనిషి చేతిలోనే బిడ్డని పెట్టడం నా వల్ల కాదు.

ఇదంతా ఒక రకం భయం. పడేస్తుందేమో, కొడుతుందేమో, మురికి చేతులతో తినిపిస్తుందేమో అన్న భయాలు. వీటికి అడిగి తెలుసుకోవడం, నియమాలు పెట్టుకోవడం, కళ్లారా చూడటం అనే మందులున్నాయి. నెల తిరిగేసరికి అవి చాలావరకు తగ్గాయి. అవి తగ్గాకే వాటి కింద ఉన్న రెండో భయం బయటపడింది. అది ఆమె బిడ్డని సరిగా చూసుకోదేమోనని కాదు. నాకన్నా బాగా చూసుకుంటుందేమోనని.

ఆరో నెల నిండాక రాగి జావ మొదలుపెట్టాము. రాగులు నానబెట్టి, మొలక కట్టి, ఎండబెట్టి, పొడి కొట్టి, వీడియో చూసి కొలతలు రాసుకుని మరీ చేశాను. వాడు మూడు చెంచాలు తిని నాలుగోది నా చీర మీద ఊశాడు. మర్నాడు ఆ అక్క అదే పొడి నీళ్లలో కలిపి, పల్చటి గుడ్డలో వడగట్టి, ఆ పాలు మాత్రమే ఉడికించింది. ఒళ్లో కూర్చోబెట్టుకుని, గోడ మీద బల్లిని చూపిస్తూ, తన పావగడ వైపు కన్నడంలో ఏదో పాడుతూ గిన్నె ఖాళీ చేయించింది. బిడ్డ కడుపు నిండితే సంతోషించాలి కదా. సంతోషించాను కూడా. కానీ ఆ సంతోషం గొంతు దాటి కిందికి దిగలేదు.

ఉద్యోగం ఉన్న తల్లికి బిడ్డని ఇచ్చేసి వెళ్లాక బయట ఇంకో గుర్తింపు ఉంటుంది. టీచరమ్మ అనో, నర్సమ్మ అనో పిలుస్తారు. నాలాంటిదానికి ఉన్న పదవి ఇదొక్కటే. దీన్ని కూడా ఇంకొకరు నాకన్నా బాగా చేస్తే, నేను ఈ ఇంట్లో ఎవరిని? ఈ మాట అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. ఇది చదివే వాళ్లలో కొందరికైనా ఇది తెలిసిన మాటే అయివుంటుందని ఇప్పుడు రాస్తున్నాను.

తొమ్మిదో నెలలో అది ఇంకా ముదిరింది. మూడు గంటలకి ఆమె చెప్పులు వేసుకుంటుంటే చాలు, వాడు నా చంకలోంచి ముందుకి దూకి, చేతులు చాచి, ఊపిరి బిగబట్టి ఏడ్చేవాడు. వాడిని కన్నది నేను, రాత్రంతా పాలిచ్చేది నేను. వాడు ఏడ్చేది మాత్రం ఆమె కోసం. ఆమె వెనక్కి తిరిగి చూడకుండా గబగబా నడిచి సందు మలుపు తిరిగేది. వాడు ఊరుకోవడానికి పావుగంట పట్టేది. అంతసేపూ వాడి వీపు నిమురుతూ నేనూ ఏడ్చేదాన్ని.

ఆ రోజుల్లో చదివిన ఒక విషయం నాకు కొంచెం ఊరటనిచ్చింది. అమెరికాలో 1991లో ఒక పెద్ద పరిశోధన మొదలుపెట్టారు. 10 చోట్ల 1,364 మంది పిల్లల్ని పుట్టినప్పటి నుంచి ఏళ్ల తరబడి గమనించారు. తల్లి కాక వేరేవాళ్లు చూసుకున్నంత మాత్రాన పదిహేను నెలల పిల్లలకి తల్లితో ఉండే బంధం దెబ్బతినలేదని 1997లో తేల్చారు. బిడ్డ ఏడుపునీ నవ్వునీ తల్లి ఎంత పట్టించుకుంటుందన్నదే దానికి ముఖ్యం. అది లేనిచోట, పైగా చూసుకునేవాళ్లు సరిగా చూడకపోయినా, మాటిమాటికీ మనుషులు మారినా నష్టం ఎక్కువ. అంటే వాడు ఆమె కోసం ఏడవడం నా మీద ఫిర్యాదు కాదు. ఎనిమిది, తొమ్మిది నెలల వయసులో పిల్లలు కొత్తవాళ్లని చూసి బెదురుతారు, తమ మనిషి అనుకున్నవాళ్లు పోతుంటే ఏడుస్తారు. వాడు ఆమెని తన మనుషుల్లో కలుపుకున్నాడు, అంతే. మేము ఆమెని పెట్టుకున్నది అందుకే కదా. ఏడవకపోయి ఉంటే భయపడాల్సింది.

పరిశోధన బుర్రకి నచ్చజెప్పింది. మనసుకి నచ్చజెప్పింది మాత్రం ఆ అక్కే. ఒక మధ్యాహ్నం వాడు పడుకున్నాడు, అత్తమ్మ కూడా పడుకున్నారు. ఇద్దరం చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాం. నా మొహం చూసి ఆమెకి ఎప్పుడో అర్థమైనట్టుంది. తనంతట తనే చెప్పింది.

"నా కూతురు నన్ను అక్కా అంటాది మ్మా. మాయమ్మని అమ్మా అంటాది."

ఆమెకి ఒక్కతే కూతురు. ఇప్పుడు అయిదో తరగతి. ఆ పిల్ల అయిదు నెలలది ఉన్నప్పుడు ఈమె గార్మెంట్స్‌లో చేరింది. ముప్పైమంది కంటే ఎక్కువ ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో పిల్లల గది ఉండాలని అప్పటి ఫ్యాక్టరీల చట్టంలో ఉండేది. కానీ పొద్దున ఆరు గంటలకి, ఊపిరాడని బస్సులో, పసిబిడ్డని ఒళ్లో వేసుకుని పోయి రావడం ఎవరి వల్ల అవుతుంది? వాళ్లమ్మ దగ్గర విడిచిపెట్టి పోయేది. తిరిగి వచ్చేసరికి చీకటి పడేది. ఇంట్లో చిన్నమ్మలూ మామలూ ఈమెని అక్కా అని పిలిచేవాళ్లు. ఆ పిల్ల కూడా అదే నేర్చుకుంది.

"ఏడ్చుకోలేదా అక్కా?" అని అడిగాను.

"ఏడ్సినా మ్మా. శానా దినాలు ఏడ్సినా. మళ్లా ఒకసారి దానికి జరమొచ్చినాది. మాయమ్మ ఎత్తుకుంటే పోలేదు. నా జాకెట్ పట్టుకుని రాత్రంతా ఇడసలేదు. అక్కా అక్కా అనే కలవరించినాది. పిలుపుదేముందిలే అనుకున్యా."

తర్వాత ఇంకో మాట కూడా అంది. మా వాడు ఏడ్చేటప్పుడు వెనక్కి తిరిగి చూడకుండా పోయేది ఎందుకో తెలుసా అని అడిగింది. "తిరిగి సూస్తే వాడు ఇంకా ఏడుస్తాడు. నీకు ఇంకా బాధయితాది. నాకు తెలుసు కదా ఆ బాధ." నా బిడ్డని పట్టుకుని ఉండగా తన బిడ్డ దగ్గర లేని గంటలు ఆమెకి గుర్తుకొచ్చేవి. నేను ఆమె మీద అసూయ పడుతుంటే, ఆమె నన్ను కాపాడుతూ వచ్చింది.

2017 నుంచి, చట్టం వర్తించే చోట ఉద్యోగం చేసే ఆడవాళ్లకి మొదటి ఇద్దరు బిడ్డల కాన్పులకి 26 వారాల జీతంతో సెలవు ఉంది. అంతకుముందు 12 వారాలే. యాభైమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే సంస్థలో పిల్లల గది పెట్టాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు పోయి చూసి రావచ్చు. మంచి చట్టం. అందులో నేను లేను, ఇల్లు సంస్థ కాదు. ఇంట్లో పనిచేసే ఆ అక్క కూడా అందులో లేదు. బిడ్డల్ని చూసుకోవడమే పని అయిన మా ఇద్దరికీ చట్టంలో చోటు లేకపోవడం గురించి నవ్వుకున్నాం కూడా. ఇల్లు నడిపేవాళ్లు చేయగలిగింది, తమ గుమ్మం లోపలైనా ఆ లెక్క సరిచేయడం. అందుకే ఆమె కూతురి స్కూల్లో ఏదైనా ఉందంటే ఆ పూట సెలవు. అది ఆమె అడగాల్సిన పని లేదు, నేనే గుర్తుపెట్టుకుని పంపుతాను.

ఆయా అనే మాట పోర్చుగీసు వాళ్ల నుంచి వచ్చిందట. తెల్లదొరల కాలంలో వాళ్ల బిడ్డల్ని చూసుకుంటూ మన దేశపు ఆయాలు ఓడల్లో లండన్ దాకా పోయారు. అక్కడ పని అయిపోగానే కొందరిని తిరుగు ప్రయాణానికి డబ్బు కూడా ఇవ్వకుండా వదిలేశారు. అట్లాంటివాళ్ల కోసం హాక్నీలో ఆయాల హోమ్ ఒకటి నడిచింది. 2022లో ఆ ఇంటికి గుర్తుగా నీలం ఫలకం పెట్టారు. ఇది చదివినప్పుడు నాకు ఆ ఆయాల కంటే, వాళ్లు పెంచిన పిల్లలు గుర్తొచ్చారు. నిద్ర లేచి చూసేసరికి తమ మనిషి లేకపోతే ఆ పిల్లలు ఎంతగా వెతుక్కుని ఉంటారో.

ఇప్పుడు మా వాడికి పద్నాలుగో నెల. అత్తమ్మ వాకర్ పట్టుకుని వాకిలి దాకా నడుస్తున్నారు. వాడు ఆమె వాకర్ వెనకాల తప్పటడుగులు వేస్తున్నాడు. నన్ను అమ్మా అంటాడు. ఆ అక్కని కూడా అమ్మా అనే అంటాడు. మొదటిసారి విన్నప్పుడు ఆమె గాబరాగా నా వైపు చూసి, "కాదు నాయనా, అత్తా అను" అని దిద్దబోయింది. "ఉండనీలే అక్కా" అన్నాను.

ఉగాది దాటాక ఆమె మానేయవచ్చు. నడుము నయమైంది, ఊరికి దగ్గరలో కుట్టుపని దొరికేటట్టుంది, డబ్బూ ఎక్కువ వస్తుంది. పోవద్దని నేను అనలేను, అనకూడదు కూడా. ఒక్కటే అడిగాను. చెప్పకుండా ఒక్కసారిగా మానేయొద్దని, చివరి నెల గంట గంటా తగ్గించుకుంటూ పొమ్మని, తర్వాత కూడా ఆదివారాలు కూతుర్ని తీసుకుని రమ్మని. సరేనంది. ఆ పిల్ల కిందటి ఆదివారం వచ్చింది. మా వాడిని ఎత్తుకుని వాకిట్లో తిప్పుతూ, వాళ్లమ్మని "అక్కా, వీడు బలే బరువు ఉండాడే" అని అరిచింది. మా వాడు ఆ మాట పట్టుకుని, పొద్దుగూకేదాకా కనబడినవాళ్లందరినీ అక్కా అని పిలిచాడు, మామయ్యతో సహా.